ఎస్సై సుజాతకు ఎవరంటే ఇష్టం

మంగళవారం, రాత్రి

మిరపకాయలకు తొడాలు తీస్తూ ఇవాళ కల్లంలో ఆడవాళ్ళు కొట్టుకున్నంత పని చేశారు. గొడవంతా సీరియల్లో ఎస్సై సుజాత గురించి. ఆమె ఏ సంబంధమూ ఒప్పుకోదు, స్నేహితురాలితోనే ఉంటుంది.

"దానికి ఆడపిల్లలంటేనే ఇష్టమే. ఆ చూపుల్లో తెలవట్లా?" అంది కోటమ్మ వదిన.

"ఛీ, నోర్మూసుకో! మంచి మొగుడు దొరక్క ఆగింది," అంది మా ఆవిడ చెల్లెలు రవణమ్మ.

తీర్పు నన్ను చెప్పమన్నారు.

"మీ అక్కకీ నేనంటే ఇష్టం లేదు. దాని మీద ఒక్కరూ కొట్టుకోరేందే?" అన్నాను. అందరూ నవ్వారు.

"అట్టాంటిది మనింట్లో పుడితే నరికి పాతరేస్తా," అంది రవణమ్మ. అలవాటుకొద్దీ దానికీ నవ్వాను.

మా అమ్మాయి శైలజ నవ్వలేదు. తలొంచుకుని, తొడిమ తీసిన మంచి కాయల్ని తొడాల కుప్పలోకి వేస్తోంది. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పనే, ఎన్నడూ పొరపడింది లేదు.

ఆదివారం దానికి పెళ్ళిచూపులు. నా ముఖం చూసి సరే అనేస్తుందేమోనని భయం. నువ్వూ ఆ సుజాత లాగేనా అని అడుగుదామంటే, అవునంటుందేమోనని ఇంకా భయం.

అక్కడే పెళ్ళిళ్ళ పేరయ్యకు ఫోన్ చేసి ఆదివారం వద్దన్నాను.

"ఎందుకు నాన్నా?" అంది.

"కాయలింకా ఆరలేదమ్మా."

అది కాయల కుప్పలో చెయ్యి పెట్టి కదిపింది. ఎండిన కాయలు గలగలమన్నాయి.