గంగమ్మ వాపసిచ్చిన రైక గుడ్డ

కృష్ణ ఒడ్డు, సర్వే క్యాంపు,
నవంబరు 1966.

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మీనర్సమ్మను దీవించి ఎల్లేశం ప్రేమతో రాయునది.

ఇక్కడ నేను కులాసా. కట్టంగూరులో నువ్వు, నీ కడుపులోని బంగారం, అత్త, మామ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు ప్రశ్నలు వేశావు. ఏం తింటున్నావు అన్నది ఒకటి, తెడ్డు లేని పడవ ఎట్లా నడుస్తుంది అన్నది రెండు. ఈ రెండింటికీ జవాబు తేలిక. నీకు ఈత వచ్చా అన్నది మూడోది. రాకపోతే పడవ దిగి మళ్ళీ లారీ ఎక్కు, లేదంటే బిడ్డను తీసుకొని నీ దగ్గరికి రాను అని ఒట్టు కూడా పెట్టావు. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో, అత్తకు వినిపించకు.

జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను. నవ్వకు. అంచులు పగిలినా కడుపులోకి పోయాక రొట్టె రొట్టే. మొన్న బాపు వచ్చి వెన్న ఇచ్చిపోయాడు. గొర్లు బాగానే ఉన్నాయట. కోడలు ఎట్లుందని పదిసార్లు అడిగాడు, కొడుకు ఎట్లున్నాడని ఒక్కసారీ అడగలేదు.

ఇక పడవ. లారీ తోలినవాడికి ఇంజను ఎక్కడైనా ఇంజనే అని ఇంజనీరు సారు నన్ను దీని మీద కూర్చోబెట్టారు. దీనికి చుక్కాని లేదు, నీళ్లు తోసే పంకా బయట లేదు. కడుపు కింద ఒక బొక్క ఉంది. అందులోంచి నీళ్లు గుంజుకొని వెనక గొట్టంలోంచి జోరుగా చిమ్ముతుంది. స్టీరింగు తిప్పితే ఆ గొట్టం తిరుగుతుంది, గొట్టంతోపాటు పడవ తిరుగుతుంది. రేసు ఇచ్చి ఇంజను వేగం పెంచినంతసేపు గుర్రమే. రేసు తగ్గిస్తే మాత్రం స్టీరింగు చేతిలో ఉత్త చక్రం. చిమ్మే నీళ్లే లేకపోతే ఇక దేంతో తిరుగుతుంది?

పోనీ ఒకచోట నిలబెడదామంటే అదీ కాదు. ఇంజను ఆడినంతసేపు నీళ్లు గుంజుతూనే ఉంటుంది. గొట్టం వెనక ఒక రేకు డొప్ప ఉంది. అది పూర్తిగా దించితే పడవ వెనక్కి పోతుంది, సగం దించితే ఆగుతుంది. ఆగుతుందన్న మాటే గానీ ముక్కు నిలవదు. పెళ్లిచూపుల్లో నువ్వు కూర్చున్నట్టే, మనిషి ఒకచోటే, తల మాత్రం ఒకసారి అటు, ఒకసారి ఇటు.

లారీకి అడ్డం వస్తే మొదట రేసు మీది కాలు తీస్తాం కదా. మొదటి వారంలో పెద్దులు అనే ముసలాయన పుట్టి ఎదురొచ్చింది. అవతలి ఒడ్డు జనాన్ని దాటించే, బుట్టలాంటి గుండ్రటి పడవ అది. అలవాటు కొద్దీ రేసు తీసి స్టీరింగు తిప్పాను. పడవ నా మాట వినకుండా తిన్నగా పోయి గుద్దింది. పుట్టి గిరగిరా తిరిగింది. పెద్దులు తిట్టిన తిట్లు రాస్తే పోస్టుమాస్టరు ఈ ఉత్తరం ముట్టుకోడు. భయమేసినప్పుడే దీనికి జరంత రేసు ఇవ్వాలని ఆ రోజు తెలిసింది. ఒడ్డు దగ్గర కొంచెం ఇచ్చి, తీసి, మళ్ళీ కొంచెం ఇచ్చి, గొర్రెను దొడ్లోకి తోలినట్టు మెల్లగా తీసుకుపోవాలి.

పోయిన నెలలో అదే పెద్దులు అవతలి ఒడ్డున నిలబడి తువ్వాల ఊపాడు. కోడలు అండాలుకు నొప్పులు వస్తున్నాయి, దవాఖాన మా ఒడ్డున ఉంది, పుట్టిలో దాటించేంత టైము లేదు. సారు పొమ్మన్నారు. అండాలును, పెద్దులును, ఆయన భార్య బిక్షమ్మను ఎక్కించుకొని, డొప్ప సగం దించి నిలిపాను. నొప్పులతో ఉన్న ఆడమనిషి ఏరు దాటుతుంటే గంగమ్మకు ఇవ్వాల్సింది ఇవ్వకుండా ఎవరు కదులుతారు? బిక్షమ్మ పసుపు, కుంకుమ, రైక గుడ్డ నీళ్లలో వదిలి మొక్కింది. నేనూ మొక్కాను. పడవ కడుపు కింద బొక్క సంగతి ఆమెకు తెలియదు, నాకు గుర్తు రాలేదు. పసుపు కుంకుమలు గంగమ్మ తీసుకుంది, గుడ్డను పడవ మింగింది.

లోతుకు వచ్చాక రేసు ఇస్తే ఇంజను అరుస్తుంది గానీ పడవ పోదు. స్టీరింగు తిప్పితే ఏమీ లేదు. ఏరు మమ్మల్ని అడ్డం తిప్పి బండల దిక్కు తీసుకుపోతోంది. అండాలు కొంగు పళ్ల మధ్య పెట్టుకొని మూలుగుతోంది. ఇంజను ఆపాను. ఎవరో ఒకరు దిగి కింది నుంచి గుడ్డ గుంజాలి. దిగాల్సింది డ్రైవరే.

నర్సమ్మా, నీ మూడో ప్రశ్న ఇక్కడుంది. నాకు ఈత రాదు. గొర్లకు తాపడానికే నీళ్లు దొరకని గుట్టల్లో పెరిగినవాణ్ణి, ఎక్కడ నేర్చుకుంటాను? సారు అడగలేదు, నేను చెప్పలేదు. నువ్వు ఫికర్ చేస్తావని నీకూ చెప్పలేదు. స్టీరింగు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. నువ్వు గుర్తొచ్చావు, ఇంకా పుట్టని బిడ్డ గుర్తొచ్చింది.

పెద్దులు నా ముఖం చూశాడు, అర్థం చేసుకున్నాడు.

"నువ్వు గా చక్రం కాడనే ఉండు కొడుకా, నేను దిగుత" అన్నాడు.

తలగుడ్డ తీసి దూకాడు. ఆయన కింద ఊపిరి బిగబట్టినంతసేపు నేను పైన బిగబట్టాను. గుడ్డ పిడికిట్లో పట్టుకొని పైకి తేలాడు. చేతులు పట్టి లాక్కున్నాను. ఇంజను మళ్ళీ స్టార్టు చేసేసరికి బండలు దగ్గరికొచ్చాయి. రేసు తీసెయ్యాలని చెయ్యి గుంజింది, కానీ ఇచ్చాను. ముక్కు తిరిగింది. పొద్దు గూకకముందే అండాలు ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం.

సాయంత్రం దవాఖాన మెట్ల మీద పెద్దులు నా పక్కన కూర్చొని బీడీ ముట్టించాడు.

"ఈత రాదని నీ పెండ్లానికి ఎరుకనా?"

లేదన్నాను.

"ముందుగాల ఆమెకు చెప్పు. పొద్దుగాల పుట్టి కాడికి రా."

రెండో మాట వెంటనే విన్నాను, మొదటి మాటకు ఇన్నాళ్లు పట్టింది. రోజూ ఎండిన సొరకాయ బుర్రలు నా వీపుకు కట్టి నీళ్లలోకి తోస్తున్నాడు. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్లు పని ఆపి మరీ నవ్వుతున్నారు. నిన్న బుర్రలు విప్పేశాడు. నాలుగు బారలు ఈదాను. కాలు నేలకు అందే జాగాలోనే అని కూడా చెప్పాలి, ఇక నీ దగ్గర ఏదీ దాచను. సారుకూ చెప్పాను. ఈత వచ్చేదాకా పెద్దులు పక్కన లేకుండా పడవ తీయనని మాటిచ్చాను. నీ ఒట్టు న్యాయమైనదే, నాకు కోపం లేదు. నువ్వు రాకపోతే మాత్రం నేను బతకలేను.

ఆ రైక గుడ్డను బిక్షమ్మ ఉతికి ఆరేసింది. గంగమ్మ వాపసిచ్చింది కాబట్టి అది పిల్లలదేనని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్కతో మనుమరాలి తలకు కుల్ల కుట్టింది. రెండో ముక్క మన బిడ్డ కుల్లకట, ఈ ఉత్తరంలో పెట్టాను. అంచు చిరిగింది, ఇంకా ఇంజను నూనె వాసన వస్తుంది.

దాన్ని ఇప్పుడే కుట్టకు. ఏటిలో పెద్దులు పుట్టి కట్టే బండ ఒకటుంది. ఒడ్డు నుంచి ఆ బండ దాకా ఈదిన రోజు నీకు కార్డు రాస్తాను. అప్పుడు సూదిలో దారం ఎక్కించు. బిడ్డ పుట్టేలోపల కార్డు రాలేదనుకో, ఆ గుడ్డ నాకే పంపు. నీ ఒట్టు ప్రకారం మళ్ళీ లారీ ఎక్కి దాని అద్దం తుడుచుకుంటాను.

ఇట్లు,
సొరకాయ బుర్రలు విప్పేసిన
నీ పెనిమిటి,
ఎల్లేశం.