ఫ్యాన్ గొలుసు తెగిన వారం

మే 4, సోమవారం

నేను కూరగాయలు తెచ్చేలోగా, లాగితే స్పీడు మారే ఫ్యాన్ గొలుసు తెగింది. నాకు అందదని దాని చివర కట్టిన పొడుగు నాడాతో సహా నేలమీద పడి ఉంది. ఫ్యాన్ మాత్రం ఫుల్ స్పీడులో తిరుగుతోంది. దుప్పటి, మందుల చీటీలు, నా బుర్ర, అన్నీ ఎగురుతున్నాయి. ఎవరు తెంపారని ఆయన్ని అడిగాను. ఏమో, దానంతటదే పడిందన్నారు. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయి ఏడు నెలలు. ఆ మనిషిని ఇంకేం అడుగుతాను? ఇంట్లో ఉన్నది ఆయనకి తోడుగా కూర్చోబెట్టిన మా ఆడపడుచు. ఆవిడది ఉడుంపట్టు. ఇప్పటికే రెండు తలుపు గడియలు ఊడదీసింది.

మే 5

ఆడపడుచుని అడిగేశాను. తను వంటింట్లో ఉందట, ముట్టుకోనే లేదట. ముట్టుకోకుండా తెగుతుందా అన్నాను. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. పోతే పోయింది. ఆయన సగం అన్నంలోనే చాలన్నారు.

మే 6, ఉదయం 11

ఎలక్ట్రీషియన్ అరగంటలో వస్తానన్నది నిన్న. ఫ్యాన్ వేస్తే ఆయనకి చలి, ఆపితే చెమట. గోడ స్విచ్ వెయ్యడం, తియ్యడం, మళ్ళీ వెయ్యడం. కాలు ఒకచోట నిలవడం లేదు.

సాయంత్రం 4

నేనే ఎక్కాను. మెయిన్ ఆపి, మూత విప్పితే లోపల అగ్గిపెట్టెలో పట్టేంత స్విచ్, నాలుగు వైర్లు. ఫోటో తీసుకోకుండానే పీకేశాను. తెలివంటే నాదే. కరెంటు సామాన్ల కొట్టుకి తీసుకెళ్తే, కొట్టతను దాన్ని తిప్పి చూసి, ఇది అరిగి తెగింది కాదమ్మా, గట్టిగా లాగితే తెగింది అన్నాడు. చూశావా, ఆడపడుచే అనుకున్నాను. రిమోట్ పెట్టించుకోమన్నాడు. ఇంటికొచ్చి చెబితే ఆయన వద్దన్నారు. గొలుసే ఉండాలట. ఈ ఏడు నెలల్లో ఇది కావాలని ఆయన నోరు విప్పి అడగడం ఇదే మొదలు.

మే 7

కొత్త స్విచ్ బిగించాను. వైర్లు తారుమారయ్యాయి, మొదటి లాగుడికి స్లో వస్తోంది. తిరుగుతోందిగా, చాలు.

ఆయన హాల్లో కుర్చీలో ఉన్నారు. నాడా ముడి ఎంతవరకు వేలాడుతోందో చూద్దామని ఆయన చోట వెల్లకిలా పడుకున్నాను. ఎడమపక్క గోడ. నాడా మంచం కుడి అంచు అవతల. ఎడమ చెయ్యి ఇటు చాచాను. జానెడు అందలేదు. ఒళ్ళు పక్కకి తిప్పితే అందుతుంది. ఆయన తిప్పలేరు. కుడి చెయ్యి ఊరికే పక్కకి వాల్చాను. ముడి వచ్చి అరచేతిలో పడింది.



రెండు నెలల కిందట ఆయన కుడి చూపుడు వేలు కదిలిందని చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. అందరూ వచ్చి మంచం చుట్టూ నిలబడి కదపమన్నారు. కదల్లేదు. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అందుకే ఆయన ఇప్పుడు నాకు చెప్పలేదు.

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంత సంతోషం నాకు ఈ మధ్య లేదు. మొహం కడుక్కుని వెళ్ళి, నాడా పొట్టిదైందా అని మాత్రం అడిగాను. సరిపోతుందన్నారు.

మే 9

ఆడపడుచుకి ఫోన్ చేసి తప్పు నాదే అన్నాను. మరెవరు తెంపారంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. నేనే అన్నాను. అనుకున్నాలే, నీ చేతిలో ఏది నిలిచిందని అంది. గడియల సంగతి ఎత్తకుండా పడ్డాను.

మే 12

కూరలు నిండా ఉన్నా రోజూ సంచి పట్టుకుని బయల్దేరుతున్నాను. వీధి చివర పావుగంట నిలబడి వస్తున్నాను. నిన్న గొలుసు లాగి ఆపి వెళ్ళిన ఫ్యాన్ నేనొచ్చేసరికి మెల్లగా తిరుగుతోంది. అడగలేదు. అడగకుండా ఉండటం నా వల్ల కావడం లేదు. పప్పు రెండుసార్లు మాడ్చాను.

మే 19

మళ్ళీ తెంపారు. ఈసారి నాడా నేలమీద లేదు. కుడి గుప్పిట్లో పట్టుకుని, నేనెప్పుడొస్తానా అని గుమ్మంవైపు చూస్తున్నారు.