మూడో పళ్ళ అచ్చు

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. నువ్వూ, మరదలూ, పాపా చల్లగా ఉండాలి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అమ్మే, నేను కట్టిన పళ్ళసెట్టు పెట్టుకోనని నిన్నటిదాకా మొండికేస్తూ వచ్చింది. "మీ నాన్న తిరిగొస్తే నన్ను గుర్తుపట్టొద్దూ?" అంటుంది. ఇరవై ఏళ్ళ నుంచీ అదే మాట. నదిగట్టు మీద చెప్పులు దొరికాయి గానీ మనిషి దొరకలేదుగా అంటుంది.

నీ కూతురికి కొత్తగా వచ్చిన ముందు పళ్ళు పలకల్లా ఉన్నాయని బెంగపడ్డావు. ఓరి పిచ్చోడా, వచ్చిన పన్ను ఇక పెరగదు, మొహమే పెరిగి దానికి సరిపోతుంది. ఆ సైజు ఎక్కడిదని అడిగావు. ఇంకెక్కడిది, నాన్నది! పెద్ద ముందు పళ్ళు, ఎడమపక్క బియ్యపు గింజంత పన్ను. నీకూ నాకూ అవే. అది కనపడకూడదని నాన్న నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

పళ్ళు కట్టే ఈ పనిలో చేరిన కొత్తలో నా నోటి అచ్చూ, నీదీ తీశాను, గుర్తుందా? డోకొస్తోందని నా చెయ్యి కొరికావు. ఆ రెండూ ఇప్పటికీ నా బల్ల మీదే ఉన్నాయి.

ఇక అసలు సంగతి. ఇందాకటి నుంచీ రాయలేక దాటేస్తున్నాను. పోయిన వారం ఆస్పత్రి నుంచి ఒక పదేళ్ళ పిల్ల అచ్చు వచ్చింది, పళ్ళకి తీగ కట్టమని. చూడగానే మన అచ్చుల పక్కన పెట్టి కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదురా, ఆ బియ్యపు గింజతో సహా.

ఆస్పత్రి డాక్టరమ్మకి చెప్తే నవ్వేసింది. "పళ్ళ సైజు చాలావరకు అమ్మానాన్నల నుంచే వస్తుంది. అలాగని ఒకేలా ఉన్నవాళ్ళంతా చుట్టాలైపోరమ్మా."

నిజమే అనుకున్నాను. అయినా మనసు ఊరుకోక తీగ నేనే పట్టుకెళ్ళాను.

పిల్ల కుర్చీలో ఉంది. పక్కన నెరిసిన జుట్టాయన. పిల్ల ఏదో అంటే నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నా చెయ్యీ దానంతటదే లేచింది. ఆపుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వాను. ఆయన నా నోటి వంకే చూస్తూ ఉండిపోయాడు. చటుక్కున లేచాడు.

"పద తల్లీ, పోదాం."

"తీగ పెట్టించుకోవాలిగా నాన్నా?"

చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఆ గొంతు నాన్నదేరా.

మర్నాడు ఫోనొచ్చింది, ఆ పిల్ల ఇక రాదట, అచ్చు పగలగొట్టెయ్యమని. మా దగ్గర పద్ధతే అంత. సుత్తి ఎత్తాను గానీ చేతులు రాలేదు. తెచ్చి నీ అచ్చు పక్కన పెట్టాను.

నాకు భయంగా ఉందిరా. అమ్మకి చెప్పనా, వద్దా? ఇవాళ పొద్దున తనే పళ్ళసెట్టు అడిగి పెట్టుకుంది. అద్దంలో చూసుకుని, "ఇప్పుడైతే తప్పకుండా గుర్తుపడతారు," అంది.

ఇట్లు,
మీ ఇద్దరి అక్క