అడవిపొలం డబ్బా, దాని వారసురాలు

యానాం ప్రాంతం మెట్టకూరు నివాసిని, కీర్తిశేషులు ఓలేటి సత్తిరాజు గారి భార్యను, ప్రభుత్వ బడిలో కుట్టుపని నేర్పి రిటైరైన టీచరును, అరవై ఆరేళ్ళ ఓలేటి వీరవేణి అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టప్రకారం రాయించి, చదివించుకుని, సంతకం చేస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు.

నా బుద్ధి స్థిరంగా ఉంది. ఈ మాట అందరూ ఒక్క వాక్యంలో రాసి ఊరుకుంటారు. నేను కాస్త వివరంగా రాయక తప్పదు. మా వారి అన్నగారు ఓలేటి అప్పారావు గారు కొన్నేళ్ళుగా, "మా మరదలికి మతి చలించిందండి, తుప్పల్లో డబ్బాలు దాచుకుంటంది" అని కనబడినవాళ్ళందరికీ చెబుతున్నారు. రేపు కోర్టులో కూడా ఆ మాటే అంటారేమోనని డాక్టరు గారి ధ్రువపత్రం దీనికి జతచేశాను. వచ్చే నెల కాకినాడలో నా గుండెకు ఆపరేషన్ ఉంది. నాకు భయంగా లేదు. వెళ్ళేముందు ఇల్లు సర్దుకున్నట్టు ఇది కూడా సర్దుతున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా తమ్ముడి కూతురు హేమశ్రీకి అప్పగిస్తున్నాను. పుదుచ్చేరిలో ఉద్యోగం చేసుకుంటున్న ఈ అమ్మాయి నాకు కన్నకూతురితో సమానం. మాకు పిల్లలు లేరు.

2. మెట్టకూరులో నేనుంటున్న డాబా ఇల్లు, దాని వెనక పెరడు నా జీతంతో కొన్నవి, నా పేరున ఉన్నవి. అవి హేమశ్రీకి చెందాలి. మా బావగారికి గాని, వారి కొడుక్కి గాని ఇందులో హక్కు లేదు. "తమ్ముడి ఇల్లు మాకు రాక ఎవరికొత్తది?" అని ఆయన అనడం నేను విన్నాను. ఇది తమ్ముడి ఇల్లు కాదు. తమ్ముడు ఇందులో నాతో కలిసి హాయిగా ఉన్నాడు, అంతే.

3. ఇకపై రాసే వస్తువులు చూసి ఇవేం ఆస్తులని నవ్వకుండా ఉండడానికి సంగతి మొత్తం చెబుతాను. మా వారు చనిపోయిన నెలలోనే, నా పింఛను కాగితాల్లో నామినీగా ఉన్న వారి పేరు మార్పించడానికి పుదుచ్చేరి వెళ్ళాను. ఏ కౌంటరు దగ్గరికి వెళ్ళినా భర్త పేరు, చనిపోయిన తేదీ, మళ్ళీ భర్త పేరు. మూడో రోజు సాయంత్రం హేమశ్రీ నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళి తన ఫోను నా చేతిలో పెట్టింది. "అత్తా, ఈ చుట్టుపక్కల ఎవరో ఒక డబ్బా దాచారంట. ఈ బాణం ఎటు చూపిస్తే అటు నడువు" అంది. పిల్ల నన్ను ఏడవకుండా మరిపిస్తోందని తెలిసే నడిచాను. గోడ సందులో, రాయి వెనక, అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా దొరికింది. లోపల చుట్టిన కాగితం, దాని మీద అప్పటికే వచ్చి వెళ్ళినవాళ్ళ పేర్లు. ఆ కాగితం నన్ను అడిగింది నా పేరూ, ఆ రోజు తేదీ మాత్రమే. వీరవేణి అని రాసి, అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఎవరో దాచిన డబ్బాలను ఇలా ఫోను చూపించే దారిన వెతికే ఆటను జియోక్యాషింగ్ అంటారు. వకీలు గారికి ఈ మాట చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

4. ఊరొచ్చాక చూస్తే యానాంలో ఒక్క డబ్బా కూడా లేదు. అందుకని ఎదురింటి పద్మావతిని లాక్కొచ్చాను. ఆమె పెరట్లో నేను, నా పెరట్లో ఆమె దాచుకుని, ఇంటి దగ్గరే నేర్చుకున్నాం. ఫోను మనల్ని చోటు దగ్గరిదాకానే తీసుకెళుతుందనీ, అక్కడ దాన్ని సంచిలో పెట్టేసి కళ్ళతో వెతకాలనీ అలా తెలిసింది.

తరవాత గోదావరి గట్టు మీద కల్వర్టు పక్కన నా స్టీలు టిఫిను డబ్బా పెట్టాను. అందులో బొత్తాలు, రంగు దారాలు, ఒక కాగితం, ఒక పెన్సిలు ఉన్నాయి. పెట్టేముందు ఇంట్లోవాళ్ళకి చెప్పడం మర్యాదని మా బావగారికి తీసుకెళ్ళి చూపించాను. ఆయన, "తమ్ముడు పోయి ఏడాది తిరక్కుండా గట్లెంట తిరుగుళ్ళేంటి?" అన్నారు. ఆగస్టు పదిహేను దగ్గర పడుతున్న రోజులు. మర్నాడే ఆయన పోలీసులకు ఫోను చేసి, గట్టు మీద అనుమానంగా ఒక డబ్బా ఉందని చెప్పారు. అది ఎవరిదో, అందులో ఏముందో ఆయనకు తెలుసు. ఇది నేను ఊహించి రాయడం లేదు. తరవాత ఆయనే అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పుకున్నారు.

రోడ్డుకు అడ్డంగా తాడు కట్టేశారు. మేడల మీద జనం. కాకినాడ నుంచి బాంబులవాళ్ళు వస్తున్నారని ఒకటే గోల. నేను తాడు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళాను. ఎస్.ఐ. గారు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఆగండమ్మా!" అని కేకేశారు. "నాదే బాబూ. అందులో బొత్తాలున్నాయి" అని మూత తీసి చూపించాను. ఆ కుర్రాడు డబ్బాలోకి చూశాడు, నన్ను చూశాడు, చెమట తుడుచుకున్నాడు. "ఇంకోసారి పెట్టేటప్పుడు మాకు చెప్పి పెట్టండి మేడం. లోపలిది కనబడే డబ్బా పెట్టండి" అన్నాడు. పోయేముందు పెన్సిలు అడిగి, కాగితం మీద మొదటి పేరు తనదే రాసి వెళ్ళాడు. మా బావగారు అప్పటినుంచి నాతో మాట్లాడలేదు.

ఆ స్టీలు డబ్బా పద్మావతి వంటింట్లో ఉంది. అది ఆమెదే. అడగవద్దు.

5. ఇప్పుడున్న డబ్బా అడవిపొలం అనే ఊళ్ళో జేవియర్ గారి కొబ్బరితోటలో, ఆయన అనుమతితో పెట్టింది. లోపలిది కనబడుతుంది, పైన పేరూ ఫోను నెంబరూ రాసి ఉన్నాయి, పోలీసు స్టేషన్‌లో చెప్పి ఉంది. ఈ డబ్బా, ఆ ఆట వెబ్‌సైటులో దాని పేజీ, దాన్ని చూసుకునే బాధ్యత మా బావగారి కోడలు శిరీషకు రాస్తున్నాను.

బావగారి కోడలికా అని హేమశ్రీ కూడా ఆశ్చర్యపోయింది. గట్టు మీద తాడు కట్టిన రోజు శిరీష మేడ మీద నుంచి చూసింది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, కూరగాయలకు తప్ప గడప దాటనిచ్చేవారు కాదు. రెండేళ్ళు ఆగి ఒక మధ్యాహ్నం మా పెరటి గుమ్మంలోకి వచ్చి, "చిన్నత్తయ్యా, మావయ్యగారికి చెప్పకండి. నేనొకసారి వెతకొచ్చా?" అని అడిగింది. తీసుకెళ్ళాను. దాచిన నేనే తడుముకుంటుంటే, తను నేరుగా వెళ్ళి తీసింది. కాగితం మీద పేరు రాసి, కింద తేదీ కూడా వేసింది.

కూరగాయల సంచితో అలా చాలాసార్లు వచ్చింది. చివరికి తెలిసిపోయింది. మా బావగారు వాకిట్లో అందరి ముందూ, "నువ్వు కూడా ఆవిడెంట తిరుగుతున్నావా?" అని అరిచారు. శిరీష తల దించలేదు. "అవునండి, వెళ్ళాను. రేపు కూడా వెళతాను" అంది. పద్మావతీ నేనూ మా గుమ్మంలోంచి విన్నాం. సాయంత్రం ఆమె భర్త శివ స్కూటరు మీద నా దగ్గరికొచ్చాడు. గొడవకనుకున్నాను. "పిన్నీ, ఆ డబ్బా ఏదో నాక్కూడా చూపించరా?" అన్నాడు. తోట చూపించాను. వాడికి ఇప్పటికీ దొరకలేదు.

6. నా నీలం భుజం సంచి, టార్చి, నడక బూట్లు, ఎండకు పెట్టుకునే టోపీ కూడా శిరీషవే. బూట్లు వదులైతే ముందు భాగంలో దూది పెట్టుకో, అమ్మా. పెన్ను నీదే పట్టుకెళ్ళు. డబ్బాల్లోవి ఎండిపోయి ఉంటాయి. లోపలి వస్తువు తీసుకుంటే దానికి సరిపడేది పెట్టు. తినేవి మాత్రం పెట్టకు, చీమలు పడతాయి. ఎక్కడా తవ్వకు. ఎలా ఉన్నదాన్ని అలాగే దాచు. ప్రయాణాల్లో రైలెక్కకముందే ఆ ఊరి మ్యాపు ఫోనులోకి దించుకో, చివరిగా వచ్చినవాళ్ళు ఏం రాశారో చదువు. చాన్నాళ్ళుగా ఎవరికీ దొరకకపోతే అది అక్కడ లేనట్టే. జనం లేని చోటికి ఒంటరిగా పోకు. దొరక్కపోతే దొరకలేదని రాయి, అందులో సిగ్గేం లేదు. డబ్బా కోసం వెళ్ళిన కొచ్చిలో పద్మావతీ నేనూ వానలో తడిసి, ఏమీ దొరక్క, ఒక చర్చి మెట్ల మీద కూర్చుని వేయించిన అరటికాయ ముక్కలు తిన్నాం. నా ప్రయాణాలన్నిటిలోకి అదే నాకు ఎక్కువ ఇష్టం.

7. మా వారి పడవ గొలుసు తాళంచెవికి నెంబరున్న రేకు బిళ్ళ కట్టి, పుదుచ్చేరిలోనే ఇంకో పెద్ద డబ్బాలో వదిలాను. దొరికినవాళ్ళు దాన్ని ఇంకో డబ్బాకు చేరవేసి, ఎక్కడ పెట్టారో ఆ నెంబరు కింద వెబ్‌సైటులో రాయాలి. గోదావరి సముద్రంలో కలిసే మొగ దాటి వేటకు పోవడమే తప్ప మా వారు ఏ ఊరూ చూడలేదు. ఆ తాళంచెవి గోవా చూసింది, తరవాత ఎవరో పోర్చుగల్ పట్టుకెళ్ళారు. ప్రస్తుతం ఏదో కొండ ఊళ్ళో ఉందని ఫోను చెబుతోంది. దాన్ని ఎవరికీ రాయడం లేదు. వెనక్కి తెప్పించే ప్రయత్నం కూడా చేయవద్దు.

8. మా బావగారు అప్పారావు గారికి, అన్నదమ్ములిద్దరూ పడవ మీద నిలబడి తీయించుకున్న ఫొటో ఇవ్వాలి. అందులో మా వారి భుజం మీద ఆయన చెయ్యి ఉంది. ఆయన దగ్గర ఆ ఫొటో లేదు, అడగరు కూడా. అడక్కుండానే ఇవ్వండి.

9. సాక్షులకు ఏమీ రాయకూడదని వకీలు గారు అన్నారు. పద్మావతికి ఇవ్వాల్సింది బతికుండగానే ఇచ్చేశాను. ఇంకా బాకీ ఉందని ఆమె అంటే నమ్మకండి.

10. నేను పోయాక డబ్బా పేజీలో నా ఫొటోకు దండ వేసి పెట్టవద్దు. పేజీ చూసుకునే మనిషి మారిందని ఒక్క ముక్క రాస్తే చాలు. అయినా ఎవరో ఎక్కడినుంచో వస్తూనే ఉంటారు. దారి తప్పి మెట్టకూరులో మన అరుగు దగ్గరికి వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇవ్వండి. డబ్బా ఎక్కడుందో మాత్రం చెప్పకండి.

ఇందులోని ప్రతి మాటా నాకు వినబడేలా చదివారు. రెండు చోట్ల దిద్దించాను. ఇప్పుడు సరిగా ఉంది.

యానాం, 2025 ఆగస్టు 21, గురువారం.

(సంతకం) ఓలేటి వీరవేణి

మా ఎదుట ఆమె, ఆమె ఎదుట మేము సంతకాలు చేశాం.

సాక్షులు:
1. పద్మావతి, మెట్టకూరు
2. జేవియర్, అడవిపొలం