ఇసుకతిప్ప మీద పంతొమ్మిది గుర్తులు

మామయ్యకి నమస్కరించి మేనకోడలు రాసేది. క్షేమమే, కానీ ఉదయం నుంచి కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

మన రేవు అధ్యయనం నాకే ఇచ్చారు! చేరిన ఎనిమిది నెలల్లో నా చేతికొచ్చిన మొదటి సొంత పని. మా మత్స్య పరిశోధన ఆఫీసులో చేప పొడుగూ బరువూ కొలిచేవాళ్ళు అంతస్తుకు పదిమంది ఉన్నారు. చేపలు పట్టే మనిషిని ఓ మాట అడుగుదామన్నవాళ్ళే లేరు. పడవ ఎన్ని గంటలు సముద్రంలో ఉంటుంది, ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారు, వల ఎక్కడ వేస్తారు, ఇవన్నీ తెలిస్తే ఎక్కువ పడవలు తిరిగే ఒక్క చోటికి, వలలు ఆపించి, రెండేళ్ళు విశ్రాంతినిస్తారు. అక్కడ చేప గుడ్లు పెట్టి, పిల్లలు పెద్దవై, చుట్టుపక్కలంతా నిండుతుంది.

"చేపలు అరచేతిలో పట్టేంత అయిపోయాయి, ఇలాగే ఉంటే పడవ అమ్మేస్తా" అన్నావు పోయినసారి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. అమ్మనక్కర్లేదు మామయ్యా!

పంతొమ్మిది పడవలకూ పంతొమ్మిది ఫారాలు, పంతొమ్మిది పటాలు పంపుతున్నాను. చేప బాగా పడేచోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెడితే చాలు.

ఇట్లు,
కుర్చీలో కుదురు లేని నీ మేనకోడలు

తా.క. జాలరులు నిజం చెప్పరని మా డైరెక్టరుగారు పందెం కాశారు. ఓడినవాళ్ళు ఆఫీసు చేపలతొట్టె నెలరోజులు కడగాలి. మన రేవువాళ్ళు అబద్ధమాడరని గుండెమీద చెయ్యేసుకుని చెప్పాను.

* * *

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమ్మడూ! నీ కట్ట అందింది. చూడగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఫోను చెయ్యలేదేమంటావేమో. రేవులో ఫోనెత్తితే చాలు, పంతొమ్మిది జతల చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఉత్తరమే మేలు.

వలల షెడ్డులో పొడుగుబల్ల వేయించి, అందరినీ కూర్చోబెట్టి, "నా మేనకోడలి పరువు మీ చేతుల్లో ఉంది, జాగ్రత్తగా పూర్తిచేయండి" అని గట్టిగా చెప్పాను. ఎంత బుద్ధిగా రాశారో! ఎన్నడూ పెన్సిల్ పట్టనివాడు కూడా నాలుక కొరుక్కుంటూ గుర్తు పెట్టాడు. బల్లమీద పటాలన్నీ పక్కపక్కనే, ఎవరు ఏం రాసినా అందరికీ కనిపించేలా, అంతా బాహాటంగా జరిగింది.

ఫారంలో కష్టాల గడిలో నేను ఇంజన్ల సంగతి రాశాను. ఈమధ్య ఇంజను చెడని పడవ లేదనుకో. నేను ఎటు వెళ్ళినా ఎవడో ఒకడు నడిసముద్రంలో ఆగి, చేతులూపి, "ఇంజను పాడైంది బావా, నువ్వెళ్ళు" అంటాడు. దాని గురించి కూడా ఆఫీసువాళ్ళు ఆలోచించాలి.

ఇట్లు,
నీ మామయ్య, సరంగు

తా.క. నేను మీ అత్తయ్యని. ఉత్తరం డబ్బాలో వేసే పని నాది కాబట్టి ఆఖరిమాట కూడా నాదే. మీ మామయ్య పటం మీద గుర్తు పెట్టి దాన్ని చేత్తో కప్పెయ్యలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన దాచకుండా బయటపెట్టిన రహస్యం ఇదొక్కటే. ఎందుకో ఆలోచించు.

* * *

మామయ్యకీ అత్తయ్యకీ వెయ్యి నమస్కారాలు.

పంతొమ్మిది పటాల్లోనూ గుర్తు ఒక్కచోటే! ఇసుకతిప్ప! పటాలు ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి పట్టుకుంటే గుర్తులన్నీ కలిసి నల్లటి మచ్చ అయిపోయాయి. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. "రేవు మొత్తం ఒక్క తిప్పమీద పడి బతుకుతోందా?" అన్నారు. ఇసుకతిప్పకి రెండేళ్ళు విశ్రాంతి ఇవ్వాలని అప్పటికప్పుడే రాసేశారు. చుట్టూ హద్దుగా నీళ్ళమీద తేలే పసుపురంగు బుడ్లు కట్టిస్తారట. ముందస్తు ప్రకటన మీ రేవు గోడకి ఈ వారమే అతికిస్తారు. ఉత్తర్వు మీద సంతకం నెలాఖరు సోమవారం.

అత్తయ్యా, నీ తా.క. నాలుగుసార్లు చదివాను. సంబరంలో బుర్ర పనిచెయ్యలేదు, అర్థం కాలేదు.

ఇట్లు,
పందెం గెలిచిన మేనకోడలు

తా.క. అంత చిన్న తిప్పమీద పంతొమ్మిది పడవలు ఎలా పడతాయని ఒకాయన అడిగాడు. మనవాళ్ళ క్రమశిక్షణ అలాంటిదని చెప్పాను. డైరెక్టరుగారు తొట్టె కడుగుతున్నారు. చేపలు ఆయన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాయి.

* * *

మేనకోడలికి మామయ్య రాసేది. ఆశీస్సులు చివర్లో ఇస్తాను, ముందు కోపం.

సొంత మేనమామకి కూడా చెప్పకూడదా? ఇసుకతిప్పలో ఏముంది? ప్రకటన చూడగానే నాకు చురుక్కుమంది. ఆఫీసువాళ్ళు కాపలా కాస్తున్నారంటే ఉత్తపుణ్యానికి కాస్తారా! మర్నాడు తెల్లవారుతూనే ఎవరికీ చెప్పకుండా పడవ తీశాను. వెళ్ళి చూద్దును కదా, తిప్ప చుట్టూ పద్దెనిమిది పడవలు! అందరం తేలు కుట్టిన దొంగల్లా వలలు వేశాం, తీశాం. పంతొమ్మిది వలలకీ కలిపి ఒక రబ్బరు బూటు పడింది. అది కూడా ఎడమకాలిది.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే వెలిగింది. అందరూ ఇసుకతిప్ప మీదే గుర్తు పెట్టారన్నావు. అంటే పద్దెనిమిదిమందీ పచ్చి అబద్ధాలకోర్లన్నమాట! అక్కడ పీత కూడా కాపురం పెట్టదు. నేనూ అక్కడే పెట్టానంటావా? నాది అబద్ధం కాదు, జాగ్రత్త. బల్లమీద అందరూ చూస్తుంటే అసలుచోటు ఎలా చూపిస్తాను?

నీకు చెబుతున్నాను అమ్మడూ, నాకో చోటుంది. మా నాన్న పోయేముందు చెవిలో చెప్పింది. లోకంలో నాకూ మీ అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలీదు. ఒకప్పుడు అక్కడ చేప మోచేతంత ఉండేది. ఇప్పుడు అరచేయంత. పట్టేది నేనొక్కడినే, అదీ వారానికి రెండుసార్లే. మరి ఎందుకు చిన్నదైపోతోంది? నాకు భయంగా ఉంది. అది ఖాళీ అయితే పడవ ఉండి ఏం లాభం?

ఆశీస్సులు.
మామయ్య

తా.క. నేనే, అత్తయ్యని. అడగాల్సిన వాళ్ళని నువ్వు అడగలేదమ్మా. ఖాళీ పటాలు మరో పంతొమ్మిది పంపు. ఈసారి నా పేరున. బూటుకి జత ఉంటే ఆ కవర్లోనే పెట్టు.

* * *

మామయ్యకి నమస్కారాలు.

పప్పులో కాలేశాను. ఏమీ లేని ఇసుకకి కాపలా పెట్టి, చేప ఉన్న చోటు గాలికి వదిలేస్తున్నాం. నీ ఉత్తరం డైరెక్టరుగారికి చూపించక తప్పలేదు. ఆయన అరగంట నవ్వి, కళ్ళు తుడుచుకుని, "సోమవారం లోపు అసలుచోటు తెస్తే ఉత్తర్వు మారుస్తాను. లేకపోతే ఇసుకతిప్పే" అన్నారు.

మామయ్యా, ఇన్నాళ్ళూ నా అధ్యయనం కోసం అడిగాను. ఇప్పుడు నీ చోటు కోసం అడుగుతున్నాను. దాన్ని నువ్వు దాచితే ఎవరూ కాపాడరు. నాకు ఒక్కదానికే రాయి. కవరు నేనే విప్పుతాను.

అత్తయ్యా, పటాలు విడిగా పంపాను.

ఇట్లు,
గుండె అరచేతిలో పెట్టుకుని కూర్చున్న మేనకోడలు

తా.క. పందెం తిరగబడింది. తొట్టె ఇప్పుడు నేను కడుగుతున్నాను. అందులో ఒక చేప నావైపు చూసే చూపు అచ్చం మామయ్యదే.

* * *

చిరంజీవి మేనకోడలికి మామయ్య మనసారా ఆశీర్వదించి రాసేది.

మూడురోజులు ముద్ద దిగలేదు. చెబితే నాన్నకిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే చోటే పోతుంది. చివరికి నాన్నే బతికుంటే ఏమనేవాడని ఆలోచించాను. "మాట సంగతి తర్వాత, ముందు చేపని బతికించరా" అనేవాడు. అందుకే రాస్తున్నాను. నా అక్షరాలు చూసి నవ్వకు.

రేవు నుంచి తూర్పుగా వెళ్ళాలి. దీపస్తంభం వెనక జంటకొండలు రెండూ ఒక్కటిగా కలిసిపోయేదాకా వెళ్ళి, నీళ్ళట్యాంకు ఎడమచేతి వైపు వచ్చాక ఆగాలి. కింద రాతిగుట్ట ఉంటుంది. ఎర్రనాచు పట్టిన రాయి. అదే. రెండేళ్ళు కాదు, అవసరమైతే మూడేళ్ళు ఇవ్వు. నేను వెళ్ళను. చదివి చింపెయ్యి.

లోకంలో మూడో మనిషివి నువ్వే. నువ్వు కాబట్టి చెప్పాను తల్లీ. ఇంకెవరికీ చెప్పేవాణ్ణి కాదు.

ఇట్లు,
నీ మామయ్య

తా.క. నేను, అత్తయ్యని. చింపకు. ముందు నా పటాలు చూడు, ఇదే కవర్లో పెట్టాను.

ఈ రేవులో మగాళ్ళు పట్టుకొస్తారు. ఏరేది, కడిగేది, అమ్మేది మేము. మీ ఫారంలో ఆ సంగతి అడిగారు, జవాబు మాత్రం మగాళ్ళు రాశారు. ఆ గుట్టమీద తప్ప ఇంకెక్కడా ఉండని ఎర్రనాచు వలలోంచి ఏరి ఏరి నా వేళ్ళు అరిగిపోయాయి. పక్కింటావిడ వేళ్ళూ అరగడం చూసి నాకెప్పుడో అనుమానం వచ్చింది. నిన్న ఐసుషెడ్డులో పంతొమ్మిదిమంది ఆడవాళ్ళం కూర్చున్నాం. ప్రతి ఒక్కరిదీ ఒకటే మాట: "మా ఆయన ఒట్టు వేయించుకున్నాడు, చెప్పకూడదు." సరే, ఒట్టు నోటికే కదా, చేతికి కాదు కదా అన్నాను. ఎవరి పటం మీద వాళ్ళు గుర్తు పెట్టాం. తిప్పి చూస్తే పంతొమ్మిది గుర్తులూ జంటకొండల ఎదురుగా, ఆ రాతిగుట్ట మీదే!

పంతొమ్మిదిమంది తండ్రులు పంతొమ్మిదిమంది కొడుకుల చెవుల్లో ఒకే రహస్యం చెప్పి పోయారమ్మా. ఒకడు వెళ్ళేసరికి ఇంకొకడు అక్కడే ఉంటాడు, దొరికిపోకుండా ఇంజను పాడైందంటాడు. ఒక్క ఇంజనూ పాడవలేదు. పాడైంది చోటు.

రాతిగుట్టకి రెండేళ్ళు విశ్రాంతి ఇమ్మని మేం పంతొమ్మిదిమందిమీ సంతకాలు పెట్టాం. సోమవారం ఉత్తర్వు రాగానే పటంతో సహా రేవు గోడకి అతికించండి. పంతొమ్మిది మొహాలు ఒకేసారి మాడిపోవడం చూడటానికి మేం ముందువరుసలో బల్లలు వేసుకుంటున్నాం. నీకూ చోటు ఉంచాను, తప్పకుండా రా.

మీ మామయ్య ఇప్పుడే నీకు ఉత్తరం ముగించి, గుండెల మీంచి బరువు దిగినవాడిలా పడవకి రంగు వేస్తున్నాడు. అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు. లోకంలో ఆ చోటు మన ముగ్గురికే తెలుసనుకుంటున్నాడు. సోమవారం దాకా అనుకోనీ.