లాలాగూడోని లాల్

అరేయ్ యాదగిరీ,

ఇయ్యాల తార్నాకల నా స్పోర్ట్స్ కారుకు కొత్త బ్రేక్ కాలిపర్లు, గదే చక్రాల సందులకెల్లి కనబడే బ్రేకు పట్లు, ఏపిస్తున్న. "ఏ రంగు సార్? మెరవని మ్యాటా, మెరిసే గ్లాసీనా?" అనడిగిండు మెకానిక్. పసుపుపచ్చ మస్తుగున్నది. కని లాలాగూడల పుట్టిన నువ్వు ఎప్పుడనే మాట యాదికొచ్చింది: "లాలాగూడోనికి లాల్ కాక ఇంకేం రంగురా!"

గట్లనే కదా, క్యాంపస్‌ల నీ స్కూటర్ బ్రేకు విప్పి, లోపల చక్రాన్ని పట్టుకునే లైనింగ్‌కు గూడ ఎర్రరంగు పూసినవు. లైబ్రరీ దిగుడుల ఆ రంగుకు బ్రేకు జారి బండి ఆగలే. పొదలల్ల పడి ఇద్దరం నవ్వుడే నవ్వుడు.

నువ్వు పోయి ఏడాదైంది. ఎర్రదే, మెరిసేటిదే చెప్పిన. కాలిపర్ల మీద కంపెనీ పేరొద్దని నీ పేరు రాయించిన.

"బండి ఉరికేటప్పుడు కనబడదు సార్" అన్నడు మెకానిక్.

"ఆగినప్పుడు కనబడితే చాలు" అన్న.