పేరు అరిగిన రాయి

ఫిబ్రవరి 9
అక్క ఈ ఉదయం కూడా మందుల షాపు తెరవకుండా అద్దం పట్టుకుని రాయి దగ్గరికి పోయింది. ఊరి చివర మొక్కజొన్న చేలో ఉంది ఆ రాయి. మా మాయా జాతి పూర్వులు చెక్కినది. వానలకు అక్షరాలు అరిగిపోయాయి. అద్దంతో ఎండని పక్కనుంచి కొట్టిస్తే గీతలు కాస్త లేస్తాయి. ఆ లిపి తనకెవరూ నేర్పలేదు. పుస్తకాల జిరాక్స్ కాగితాలు, మొండితనం, వాటితోనే నేర్చుకుంది.

ఫిబ్రవరి 21
"పుట్టింది" అన్న గుర్తు దొరికింది! పక్కనే ఆడమనిషి ముఖం. దాని తర్వాత వచ్చేది స్త్రీ పేరేనట. ఊరంతా రాజుదనుకున్న రాయి రాణిది! విని గెంతులేశాను. టీచర్నన్న సంగతే మరిచిపోయాను.

మార్చి 3
ఊరి కమిటీ పెద్ద అన్సెల్మో వచ్చాడు. కొత్త బడికి ఆ రాణి పేరే పెడదామన్నాడు. నెలాఖరులోగా పేరివ్వకపోతే గ్వాటెమాలా సిటీ ఆఫీసువాళ్ళు ఎవరో మంత్రి పేరు తగిలిస్తారట.

మార్చి 17
రాతి మీద పేరుండాల్సిన గడి అరిగి నున్నగా ఉంది. అక్క తడిపి చూసింది, వేళ్ళతో తడిమింది. ఏమీ లేదు.

మార్చి 28
గొడవ. అమ్మా ఎటెల్వినా, ఏదో ఒకటి చెప్పు, పన్నెండు వందల ఏళ్ళనాటి మనిషి లేచొచ్చి అది నా పేరు కాదంటుందా అని అన్సెల్మో అక్కను బతిమాలాడు. ఆమె వచ్చి కాదనలేని మనిషి కాబట్టే చెప్పనంది అక్క. నేనూ అరిచాను. చంద్రుడనో పిట్ట అనో ఏదో ఒక పేరు అతికించవే, మంత్రి పేరు కింద చదవాలా పిల్లలు అని.
అక్క కాఫీ నా ముందుకు తోసింది. మన పుస్తకాలు తగలబెట్టిన స్పెయిన్ వాళ్ళు మన పేర్లు చాలా చెరిపారే, ఖాళీలో నేను దొంగపేరు రాస్తే వాళ్ళ పని పూర్తిచేసినదాన్నవుతాను అంది.
 ఇంత గొప్ప మనిషితో ఒకే కంచంలో తిని పెరిగానా!

మార్చి 31
గడువు అయిపోయింది. అక్క మామూలుగా షాపు తెరిచింది.

మే 14
బడి తెరిచారు. బోర్డు మీద మంత్రి పేరే. కానీ లోపలి గోడ మీద అక్క ఆ రాతంతా పెద్దగా వేసింది, ఒక గడి ఖాళీగా వదిలి. రంగులు కొనిచ్చింది అన్సెల్మోనే.
ఊరి ముందు నిలబడి మా కెక్చి భాషలో చదివింది. పుట్టింది దొరసాని... అని ఆగింది. అన్సెల్మో టోపీ తీశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తీశారు. చాలాసేపటికి అక్క అందుకుంది: ...ఈ నేల రాజును కన్నతల్లి.

మే 20
ఇవాళ పిల్లలు గోడ చదివారు. ఖాళీ దగ్గర ఎవరూ చెప్పకుండానే ఆగారు. ఎంతకీ మళ్ళీ మొదలుపెట్టలేదు. నేనూ తొందరపెట్టలేదు.